లేవాల్సింది ఎవరు?

కార్తీకమాసం వచ్చిందంటే మా బడిలో యూనిఫాంల మధ్య నల్ల చొక్కాలు మొలుస్తాయి. గుంటూరులో ఏ హైస్కూలుకైనా ఆ రోజుల్లో వెళ్ళి చూడండి, ప్రేయర్ లైన్లో నలుగురైదుగురు స్వాములు కనబడతారు. చెప్పుల్లేని కాళ్ళు, మెడలో మాల, నుదుటిన గంధం, భుజాన నల్ల కండువా. యూనిఫాం ఏదిరా అని ఎవరూ అడగరు. ఏడాదంతా "ఒరేయ్" అని కేకలేసే పీఈటీ సారు కూడా ఆ నలభై ఒక్క రోజులూ "స్వామీ" అనే పిలుస్తాడు. నన్ను మేడం అనాలో మాత అనాలో తేలక పిల్లలు ఒక్కోసారి "మాతా మేడం" అంటారు. నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. హోంవర్కు తేకపోయినా తిట్టడానికి నోరు రాదు. ఆ సంగతి స్వాములకి నాకంటే బాగా తెలుసు.

నేను టెన్త్‌కి ఫిజికల్ సైన్స్ చెప్తాను. మూడేళ్ళ కిందట ఇట్లాంటి రోజుల్లోనే ఓమ్ నియమం ప్రయోగం చేయిస్తున్నా. ల్యాబులో పనిచేసే వోల్టుమీటర్లు నాలుగే. క్లాసుని నాలుగు బల్లలకి పంచి, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి నించోబెట్టా. రెండో బల్ల దగ్గర ఒక అమ్మాయి గరుకు కాగితంతో తీగల కొసలు రుద్దుతోంది. రాగి తళుక్కుమనేదాకా రుద్దాలి, లేకపోతే రీడింగు నిలబడదు అని నేను ఏటా చెప్పే మాట ఆ క్లాసులో పట్టించుకునేది ఆ పిల్లొక్కతే. పక్కనున్న స్వామి నా దగ్గరికొచ్చి, నేల చూపులు చూస్తూ, "మేడం, మాలలో ఉన్నా. ఆడపిల్లల పక్కన నించోకూడదు. వాళ్ళు ఎట్టున్నారో తెలీదు గదా" అన్నాడు.

నేనేమీ ఆలోచించలేదు. ఇప్పటికీ నన్ను గుచ్చేది అదే. "అమ్మా, నువ్వు నాలుగో బల్లకెళ్ళు" అన్నా. ఆ పిల్ల గరుకు కాగితం చేతిలో పట్టుకునే నా వంక చూసింది.

"నేనెందుకు లేవాలి మేడం?"

నించునే ఉంది, అయినా లేవాలి అనే అంది. "స్వామి అడిగాడు గదమ్మా. నలభై రోజులే గదా, సర్దుకో" అన్నా. సర్దుకుంది. నాలుగో బల్ల చుట్టూ అప్పటికే ఏడుగురు. మీటరు ఆ పిల్ల చేతి దాకా రాలేదు. వాళ్ళు చదివిన అంకెలు రికార్డులో ఎక్కించుకుంది. సాయంత్రం రికార్డులు దిద్దుతుంటే ఆ పేజీ వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. చేత్తో కొలిచిన పిల్లల పేజీలో కొట్టివేతలుంటాయి. సూది అటూ ఇటూ ఊగుతుంటే మొదట ఒకటి రాసి, తర్వాత దిద్దుకుంటారు. ఆ పేజీకి పదికి పది వేయాల్సొచ్చింది, చెయ్యి రాలేదు.

మత స్వేచ్ఛకీ ఆడామగా సమానత్వానికీ పేచీ వస్తే ఏది పైన, ఏది కింద అని పెద్ద పెద్దవాళ్ళు వాదించుకుంటారు. క్లాసులో ఉండే టీచరుకి అంత తీరిక ఉండదు. బెల్లు కొట్టేలోపు ఎవరో ఒకర్ని కదపాలి. ఆ పిల్ల అడిగిన ప్రశ్నే నాకప్పట్నుంచీ కొలతబద్ద అయింది. ఎవరి నియమం? దాని బరువు ఎవరు మోస్తున్నారు? స్వామి తెల్లారుజామున చన్నీళ్ళు పోసుకుంటాడు, చెప్పులేసుకోడు, ఒంటిపూట భోజనం చేస్తాడు, నేల మీద పడుకుంటాడు. ఇదంతా అతను మోసే బరువు. నేను చేతులెత్తి దణ్ణం పెడతా. పక్కనున్న అమ్మాయి జరగాలి అన్నప్పుడు మాత్రం బరువు ఆ పిల్ల నెత్తినెక్కింది. పైగా కారణం ఆమె ఒళ్ళు. ముప్ఫైమంది ముందు ఒక ఆడపిల్ల ఒంటి మీద అనుమానం పెట్టి, నా నోటితోనే దాన్ని ఖాయం చేశా. "స్వామీ, నీ దీక్ష నీది, నువ్వే ఆ చివర నించో" అంటే సరిపోయేది. ఒక్క వాక్యం. అతను ఎదురు చెప్పేవాడు కూడా కాదు.

ఆ వాక్యం నాకెందుకు తట్టలేదో నాకు తెలుసు. మాది తెనాలి వైపు పల్లెటూరు. "బయట" ఉన్న మూడు రోజులూ వసారాలో చాప, విడి కంచం, విడి చెంబు. మా నాయనమ్మ అన్నం పైనుంచి వేసేది, చెయ్యి తగలకుండా. పొద్దున ఎనిమిదింటికి సంచీ తగిలించుకుని బడికి పోతే అక్కడ ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అదే బెంచీ, అవే నీళ్ళు, అదే గ్లాసు. ఆ మూడు రోజులూ నాకు మైల అంటని చోటు బడి ఒక్కటే. అట్లాంటి చోటుకి, ముప్ఫై ఏళ్ళ తర్వాత, టీచరు హోదాలో, ఆ చాపని నేనే చంకన పెట్టుకొచ్చి పరిచా.

సరే, రాజ్యాంగం సంగతి. మత స్వేచ్ఛ అనగానే అందరూ 25వ అధికరణ అంటారు. అది ఎట్లా మొదలవుతుందో చాలామంది చదవరు. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, వీటితో పాటు ప్రాథమిక హక్కుల భాగంలోని మిగతా నిబంధనలకు లోబడి అని మొదలుపెట్టి, ఆ తర్వాతే స్వేచ్ఛ ఇస్తుంది. ఆ మిగతా నిబంధనల్లో 14, 15 ఉన్నాయి. లింగాన్ని బట్టి వివక్ష కూడదన్నది 15. అంటే సమానత్వం ముందు కూర్చుంది, మతాచారం దాని పక్కన చోటు వెతుక్కోవాలి. ఇది ఊరికే వచ్చిన వరస కాదు. 1947లో రాజ్యాంగ సభ వేసిన ప్రాథమిక హక్కుల ఉపసంఘంలో రాజకుమారి అమృత్ కౌర్, హంసా మెహతా అభ్యంతరం చెప్పారు. మతాన్ని నమ్మే స్వేచ్ఛ సరే, ఆచరించే స్వేచ్ఛ అని మోటుగా రాసేస్తే పరదా, బాల్యవివాహం, దేవదాసీ లాంటివన్నీ దాని చాటున బతుకుతాయని వాళ్ళ భయం. సంఘ సంస్కరణ కోసం చట్టం చేయడానికి ఈ హక్కు అడ్డు కాదని 25లోనే రెండో క్లాజు ఉంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్న బల్ల దగ్గర కూడా ఎవరో ఒకరు "సర్దుకోండమ్మా" అనే ఉంటారని నా ఊహ.

శబరిమల గురించి అడుగుతారని తెలుసు కాబట్టి చెప్పేస్తా. 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా అన్ని వయసుల ఆడవాళ్ళకీ ప్రవేశం ఉందని చెప్పింది. ఆ ఒక్కరూ, కాదన్నవారు, బెంచీలో ఉన్న ఒకే ఒక్క మహిళా న్యాయమూర్తి జస్టిస్ ఇందు మల్హోత్రా. 2019 నవంబరులో కొన్ని ప్రశ్నలు ఇంకా పెద్ద ధర్మాసనానికి వెళ్ళాయి. కొండ మీద ఏం జరగాలన్నది అక్కడ తేల్చుకుంటారు. నా ల్యాబు కొండ కాదు. వోల్టుమీటరు అక్కడి పద్దెనిమిది మెట్ల పదునెట్టాంబడి కాదు.

ఇంతవరకూ చదివి నన్ను మతమంటే పడని మనిషి అనుకుంటే పొరపాటు. మతాన్ని బడి గేటు బయట వదిలేసి రమ్మంటే అన్నీ సుఖంగా ఉంటాయనేవాళ్ళు నాకు స్నేహితులే. పక్కనే విజయవాడలో నాస్తిక కేంద్రం ఉంది, అది పెట్టిన గోరా గారు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకుని మరీ నిలబడిన మనిషి. గ్రహణం రోజు గర్భిణులు బయటికి రాకూడదన్న భయాన్ని ఆయన భార్య సరస్వతీ గోరా గారు తన ఒంటి మీదే పరీక్ష పెట్టుకుని పోగొట్టారు. వాళ్ళంటే నాకు గౌరవం. కానీ బడి గేటు దగ్గర అన్నీ విప్పించే పద్ధతిలో ఒక తిరకాసు ఉంది. ఫ్రాన్సులో 2004లో ప్రభుత్వ బళ్ళలో కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలన్నిటినీ నిషేధించారు. చట్టంలో అందరికీ ఒకటే. మా దగ్గర అట్లాంటిది వస్తే ఏమవుతుందో కళ్ళకి కట్టినట్టు చెప్పగలను. స్వామి మాల చొక్కా లోపలికి వేసుకుని వస్తాడు. స్కార్ఫు కట్టుకునే అమ్మాయి ఇంట్లో కూర్చుంటుంది.

పొన్నూరు రోడ్డు వైపు నుంచి మాకు అట్లాంటి పిల్లలు చాలామంది వస్తారు. నైన్త్‌లో ఒక పిల్ల ఖోఖో బ్రహ్మాండంగా ఆడేది. స్కార్ఫుతో పరిగెత్తుతుంటే పిన్ను ఊడి గుచ్చుకుంటుందని పీఈటీ సారు భయపడి తీసేయమన్నాడు. మర్నాటి నుంచి ఆటల పీరియడులో ఆ పిల్ల నీళ్ళ ట్యాంకు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. వారం తర్వాత నేను కనుక్కుంటే విషయం బయటపడింది. పరిష్కారం మహా చిన్నది. పిన్నులక్కర్లేని, తలకి తొడుక్కునే బనీను గుడ్డది ఒకటుంటుంది, లాలాపేటలో దొరుకుతుంది. కింద ట్రాక్ ప్యాంటు. మళ్ళీ పరిగెత్తింది. ఎవర్నీ కదపలేదు, ఎవరి చోటూ లాక్కోలేదు.

2022 జనవరిలో ఉడుపి కాలేజీ హిజాబు గొడవ టీవీల్లో నడుస్తున్నప్పుడు నాకు ఆ నీళ్ళ ట్యాంకే గుర్తొచ్చేది. మార్చి 15న కర్ణాటక హైకోర్టు, యూనిఫాం తప్పనిసరి అన్న ప్రభుత్వ ఉత్తర్వు చెల్లుతుందంది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టుతో ఏకీభవించారు, జస్టిస్ సుధాంశు ధూలియా ఏకీభవించలేదు. ధూలియా గారు వేసుకున్న ప్రశ్న నాకు దగ్గరగా అనిపించింది. గుడ్డ ముక్క మతానికి తప్పనిసరా కాదా అన్నది పక్కన పెట్టి, ఆడపిల్ల బడి దాకా రావడానికే అన్నకంటే తమ్ముడికంటే ఎన్ని గడపలు ఎక్కువ దాటాలో చూడమన్నారు. అంతకు చాలా ముందు, 1986లో, మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి కేరళ పిల్లల కేసులో చెప్పిందీ ఇదే దారి. జాతీయగీతం పాడుతుంటే లేచి మర్యాదగా నించున్నారు, తమ మతం ఒప్పుకోదని పాడలేదు. బడి వాళ్ళని పంపేసింది. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని రాసి వాళ్ళని మళ్ళీ బడిలో చేర్పించారు. గమనించండి, ఆ పిల్లలూ ఎవర్నీ లేవమనలేదు.

గుంటూరుకి ఇది కొత్త పాఠం కాదు. 1883లో లూథరన్ మిషన్ తరఫున ఇక్కడికొచ్చిన అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరు, ముందు పరదా తీసేయండి తర్వాత మందిస్తా అనలేదు. ఘోషాలో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకే వెళ్ళింది. ఆవిడ పేరుతో ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. 1922లో ఉన్నవ దంపతులు ఆడపిల్లల కోసం శారదానికేతనం పెట్టింది ఈ ఊళ్ళోనే. ఆచారాన్ని ఎక్కడ సాగనివ్వాలో, ఎక్కడ ఎదిరించాలో వాళ్ళకి లెక్క ఉంది. ఆడమనిషి లోపలికి రావడానికి ఏది పనికొస్తే అది. బయటికి పోవడానికి దారితీసేది ఏదైనా సరే, కుదరదు.

కుదరదని నేను గట్టిగా చెప్పింది ఒక్కసారే. బయాలజీ టీచరు సెలవులో ఉంటే ఎయిత్‌లో కౌమారదశ పాఠం నా నెత్తిన పడింది. పాఠం మొదలవుతుందని తెలిసి ఒక తండ్రి వచ్చాడు. "ఆ పీరియడు మా అమ్మాయిని లైబ్రరీలో కూర్చోబెట్టండి మేడం, మా మతంలో ఇవి పిల్లలతో మాట్లాడకూడదు." ఏ మతమో రాయను. ఇన్నేళ్ళలో మూడు మతాల తండ్రులూ నాకు ఈ మాట చెప్పారు. కొడుకుని లైబ్రరీలో కూర్చోబెట్టమని మాత్రం ఒక్కరూ అడగలేదు. కూర్చోబెట్టను, కావాలంటే వాళ్ళమ్మని పంపండి, వెనక బెంచీలో కూర్చుని నేను ఏం చెప్తానో వింటుంది అన్నా. రాదనుకున్నా. వచ్చింది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నలభై నిమిషాలూ కదలకుండా విన్నది. బెల్లయ్యాక వరండాలో నన్ను ఆపి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది. "నెలకి రెండుసార్లు వస్తే ఏమన్నా జబ్బా మేడం?" ఆ ప్రశ్న కూతురి గురించి కాదు.

(2021 అక్టోబరులో ప్రభుత్వం "స్వేచ్ఛ" పథకం కింద ఆడపిల్లలకి నెలకి పది న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ పెట్టెలు ఎక్కడ పెట్టాలన్నది మా స్టాఫ్‌రూములో పెద్ద సమస్య. ఖాళీగా ఉన్న బీరువా పైన సరస్వతీదేవి పటముంది. చివరికి ఆటసామాన్ల గదిలో, వాలీబాల్ నెట్టు కింద పెట్టారు. పిల్ల వచ్చి అడగాలంటే పీఈటీ సారుని తాళం అడగాలి. రెండు నెలల తర్వాత ఎవరికో బుద్ధొచ్చి పటం పక్క గోడకి మార్చారు. అమ్మవారు ఏమీ అనలేదు.)

ఆచారం పేరు చెప్పకుండానే ఆచారాన్ని ఆడపిల్లల ఒంటి మీద ఎక్కించే పద్ధతి ఇంకొకటుంది. బడికి అతిథి వస్తున్నారంటే గేటు దగ్గర ఎవరు నించుంటారు? పట్టులంగాలు, పూలజడలు, చేతుల్లో హారతిపళ్ళెం, పసుపు కుంకుమ. మగపిల్లలు కుర్చీలు మోస్తారు. ఒక ఆగస్టు పదిహేనుకి స్వాగతగీతం పాడే పిల్ల క్రైస్తవ విశ్వాసుల ఇంటిది. బొట్టు పెట్టుకోరు, పూలు పెట్టుకోరు, గాజులేసుకోరు. "ఒక్కరోజే గదమ్మా, చిన్న స్టిక్కరు పెట్టుకుంటే ఏమవుద్ది" అన్నా. అప్పటికి ల్యాబు గొడవ జరగలేదు, నాకింకా కళ్ళు తెరుచుకోలేదు. ఆ పిల్ల పెట్టుకోలేదు. వరసలోంచి తీసేశారు. పాట ఇంకెవరో పాడారు, శ్రుతి తప్పింది. మగపిల్లల్లో విశ్వాసులుంటే వాళ్ళ నుదురు చూసి ఎవరూ కనిపెట్టలేరు, వాళ్ళ నుదుటితో ఎవరికీ పనీ లేదు. ఇప్పుడు నా మాట చెల్లినంతవరకూ హారతిపళ్ళెం లేదు. ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు, యూనిఫాంలో, చేతిలో ఒక పుస్తకం. మొన్నొచ్చిన అతిథి తేడా గమనించనే లేదు.

మా తెలుగు మాస్టారు నాతో పేచీ పెట్టుకున్నారు. "మాల దగ్గర మీకు సమానత్వం గుర్తొస్తుంది, స్కార్ఫు దగ్గర స్వేచ్ఛ గుర్తొస్తుంది. ఆ స్కార్ఫు మటుకు ఆ పిల్ల తనంతట తానే కట్టుకుందా?" మంచి ప్రశ్న, నేను దాటేయను. పద్నాలుగేళ్ళ పిల్ల తలమీద గుడ్డ ఎంత ఆమె ఇష్టం, ఎంత ఇంటి ఇష్టం అన్నది ఆ పిల్లకే తెలీకపోవచ్చు. స్వామి మాల మటుకు? లెక్కల్లో గట్టెక్కాలని వాళ్ళ నాన్న మొక్కుకున్నాడు, వీడు వేసుకున్నాడు. ఇద్దరి నమ్మకాలూ కొంత సొంతం, కొంత అప్పు. ఆ అప్పు లెక్క తేల్చే పని నాది కాదు. నల్ల చొక్కాని నేనేమీ అనలేదు, స్కార్ఫునీ అనలేదు. పక్కవాళ్ళని జరగమన్న రోజున మాత్రం ఎవరైనా నాకు ఒకటే. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి అబ్బాయిల్ని పంపుతాం, పంపాలి కూడా. ఆ గంటలో చెప్పిన పాఠం వాళ్ళు వేరేవాళ్ళ నోట్సు చూసి రాసుకుంటారు. వాళ్ళ కోసం క్లాసంతా ఆగదు. బరువు వాళ్ళదే, మోస్తున్నారు, ఎవరికీ ఫిర్యాదు లేదు. మాస్టారు ఒప్పుకోలేదు. మేమిద్దరం ఇప్పటికీ ఒకే క్యారేజీలో పులిహోర పంచుకుని తింటాం, ఆ సంగతి మళ్ళీ ఎత్తం.

ఆ అమ్మాయిని వారం తర్వాత శనివారం సాయంత్రం ఉండమన్నా. తప్పు నాదని చెప్పా. ఆ పిల్ల ఇబ్బందిపడి "పర్లేదు మేడం" అంది, పిల్లలు మనల్ని క్షమించేటప్పుడు ఎంత తొందరగా ఆ గదిలోంచి బయటపడదామా అని చూస్తారు. ల్యాబు తాళం చేతికిచ్చా. ఒక్కతే ప్రయోగమంతా మళ్ళీ చేసింది. కొత్త పేజీలో మూడు కొట్టివేతలున్నాయి.

స్వామికి కూడా చెప్పా. కోప్పడలేదు. "నువ్వే ఆ చివరికి జరుగు, అంతేగా." సరే మాతా అన్నాడు. తర్వాతి ప్రయోగానికి తనే వెళ్ళి కిటికీ పక్కన నించున్నాడు. మెడ సాచి రీడింగు చూడబోతే అమ్మాయిలే గట్టిగా చదివి చెప్పారు.

డిసెంబరులో ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలకి తల్లిదండ్రుల్ని పిలిచాం. స్వామి వాళ్ళమ్మ వచ్చింది, లోపలికి రాలేదు. గేటు దగ్గరే ఆగి వాచ్‌మన్‌తో కబురు పెట్టింది. నేనే కార్డు తీసుకుని వెళ్ళా. "నాలుగు రోజుల్నుంచి మా అమ్మ దగ్గర ఉంటన్నా మేడం, వాడికి మాల గదా" అంది. కార్డు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కార్డూ పెన్నూ పెట్టా. గేటు స్తంభానికి ఆనించి సంతకం చేసింది. లెక్కల్లో యాభై రెండు చూసి రెండుసార్లు వేలితో తడిమింది. వాడు వేపచెట్టు కింద, అంత దూరాన నించున్నాడు. ఆమె కార్డు నాకిచ్చేసి, కొంగు సర్దుకుని, చెట్టు వైపు గొంతు పెంచింది.

"స్వామీ, తిన్నావా?"

వాడు తలూపాడు.